ఒంగోలు క్లౌ దొరగారు

గత సంవత్సరము వేదపాఠపు తరగతిలో యోబు చరిత్రము చెప్పుచుండగా, మఱ్ఱిగూడ వైపునుండి వచ్చి వసతిగృహములో నుండి చదువుకొనుచున్న యొక బాలుడు లేచి నిలువబడెను. తన నాయనమ్మ నడుము విల్లువలె వంగిపోయినదనియు, ఆమె నేలను చూచుచు నడచుననియు, ఆమె యెవ్వరికిని కీడు చేసి యెరుగదనియు, యోబునకు పోయినదంతయు రెండంతలుగా తిరిగి వచ్చినదిగాని తన నాయనమ్మకు ఏమియు తిరిగి రాలేదనియు చెప్పి, అది యేల అని యడిగెను. ఆ దినమున మేము చెప్పిన సమాధానము మాకే చాలలేదు. అప్పటినుండి మా మనస్సు ఒంగోలు క్లౌ దొరగారి మీదికి మాటిమాటికి పోవుచుండెను. అందువలన ఈ సంచికకు ఆయన చరిత్రమును వ్రాయబూనితిమి.

ఆయన మన జిల్లాలవాడు కాడు. అయినను మనకు పరాయివాడును కాడు. 1885లో ఛూట్ దొరగారు పాలమూరునందును, 1890లో రష్యా దేశపు మెన్నోనైటు సహోదరుడగు ఫ్రీసెను దొరగారు నల్లగొండయందును పని మొదలుపెట్టిరి. ఆ రెండును అమెరికను బాప్తిస్టు తెలుగు మిషనులోని స్థానములే. ఆ మిషను బ్రదుకునా చచ్చునా యని అమెరికాలోని పెద్దలు తర్జనభర్జనలు పడుచున్న కాలములో దానిని నిలువబెట్టిన పని ఒంగోలులో జరిగినది. మన తాతముత్తాతలకు సువార్త వచ్చిన త్రోవ ఒంగోలు మీదుగా వచ్చినదని చెప్పిన తప్పు లేదు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రపు పడమటి భాగమున, ఫ్రూస్‌బర్గు సమీపమున జన్మించెను. తండ్రి సేద్యగాడు. కుటుంబము కలిమి తప్పి పడమటి బీళ్లకు, తుదకు అయోవా రాష్ట్రమునకు వలస పోయెను. పిల్లవాడు పదునేడేండ్ల ప్రాయముననే భూమి కొలుచు సర్కారు మనుష్యులతో కలిసి మిన్నెసోటా అడవులలో గొలుసు లాగి, కొలత పని నేర్చి, క్రమముగా తానే సర్వేయరాయెను. ఈ విద్యను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఇది ముందు పనికివచ్చును.

ఆ వయస్సున ఆయనకు దైవభక్తి లేదు. కళాశాలలో తనతో ఒకే గదిలో నుండిన విద్యార్థి ప్రతిరాత్రి మోకరించి ప్రార్థించుట చూచి విసిగి, గది నడుమ సుద్దముక్కతో గీత గీసి, ఆవలి ప్రక్క ప్రార్థన చేసికొనవచ్చును గాని ఈవలికి రాగూడదని కట్టడి చేసెనట. ఆ విద్యార్థి కోపింపలేదు, ప్రార్థనయు మానలేదు. కొంతకాలమునకు గీత చెరిగిపోయెను. 1858లో క్లౌ మిసిసిపీ నదిలో బాప్తిస్మము పొందెను. మా వసతిగృహములోను ఇట్టి గీతలు కొన్ని కలవని మాకు తెలియును. వాటిని గీచినవారిని గూర్చి మేము నిరాశపడము.

తెలుగుదేశములో బాప్తిస్టుల పని అప్పటికి ముప్పది యేండ్లుగా సాగుచుండెను గాని ఫలము బహు కొద్ది. నెల్లూరు ఒక్కటే స్థానము. దానిని మూసివేయుదమని సంఘపు పెద్దలు మూడు మారులు ఆలోచించిరి. 1862లో మూడవ మారు ఆ మాట వచ్చినప్పుడు, ఆరోగ్యము చెడి స్వదేశమునకు వచ్చియున్న జూయెట్ దొరగారు, ఎవ్వరు తోడు రాకున్నను తాను మరల పోయి తెలుగువారి మధ్యనే చనిపోయెదనని పట్టుబట్టెను. ఈ జూయెట్ దొరగారే 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున భార్యతోను ముగ్గురు తెలుగు క్రైస్తవులతోను ఒంగోలు కొండయెక్కి, ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించినవాడు. క్లౌ దొరగారు తన భార్య హారియెట్టమ్మతో కూడ జూయెట్ దొరగారి వెంట 1864 నవంబరు 30న బోస్టను రేవున ఓడయెక్కి, 1865 ఏప్రిలులో మద్రాసు చేరెను. నెల్లూరులో తెలుగు నేర్చుకొని 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురము పెట్టెను. 1867 జనవరి 1న అక్కడ సంఘము ఏర్పడినప్పుడు అందులో సభ్యులు 8 మంది.

ఒంగోలుకు పడమర నలువది మైళ్ల దూరమున తాళ్లకొండపాడను గ్రామమున యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు ఉండెను. తోళ్ల వర్తకము చేయువాడు. చిన్నతనమునుండి దేవుని వెదకుచు గురువుల నాశ్రయించి యోగము నభ్యసించి, తానును శిష్యులు గల గురువైనవాడు. తోళ్ల కొరకు ఉత్తరమున ఏలూరు వైపు పోయినప్పుడు క్రీస్తు వార్త విని, దానికై కాచుకొనియుండెను. 1866లో అతడును భార్య నాగమ్మయు జూయెట్ దొరగారి చేత బాప్తిస్మము పొందిరి. మరుసటి జనవరిలో క్లౌ దొరగారు పేరయ్య యూరికి పోగా, చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చి తోపులో కూర్చుండి కొన్ని దినములు విన్నవారిలో 28 మంది బాప్తిస్మము కోరిరి. ఒంగోలు సంఘపు నిజమైన ఆరంభము ఈ చర్మకారుని యింటనే జరిగినదని మా యభిప్రాయము.

ఇక్కడనుండి కష్టములు మొదలాయెను. ఒంగోలులోని బ్రాహ్మణ గృహస్థులు దొరగారి పాఠశాలకు పిల్లలను పంపుటకు ఇష్టపడియుండిరి. మాదిగలు సంఘములో చేరుట చూచి వారు మనస్సు త్రిప్పుకొనిరి. పెద్దవారి స్నేహమా, పేదవారి ఆత్మలా అను చిక్కు వచ్చినది. ఆ రాత్రి దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో వేదమును తెరువగా, ఒకరితో నొకరు మాటాడుకొనకయే ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో, దేవుడు లోకములో ఎన్నికలేనివారిని ఏర్పరచుకొన్న భాగమే కనబడెను. ఇద్దరును దానిని తమకు వచ్చిన ఆజ్ఞగా తీసికొనిరి.

అయితే ఆ యాజ్ఞకు మూల్యము చెల్లించినది దొరగారు కాదు, పల్లెలలోని మాదిగ విశ్వాసులు. వారు మూడు నియమములు పట్టుకొనిరి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. మ్రొక్కనివాడు జాతరలో డప్పు కొట్టుట మానెను. ఆదివారము రైతు పొలములోనికి రాకపోయెను. ఆ కాలపు గ్రామములో ఇది చిన్న విషయము కాదు. కరణము, మునసబు, రైతులు ఏకమైరి. నీళ్లకు బావి లేదు, పశువులకు బీడు లేదు, అంగడిలో ఉప్పు పుట్టదు. పశువులు బందెలదొడ్డిలో పడెను. కొందరు చేయని నేరమునకు చెరసాలకు పోయిరి. దొరగారు గుఱ్ఱమెక్కి ఊరూర తిరిగి, కలెక్టరులతో మాటాడి, కొన్నిచోట్ల న్యాయము తెచ్చెను, కొన్నిచోట్ల తేలేకపోయెను. వీరు చేసిన తప్పేమి? దొంగతనము మానిరి, త్రాగుడు మానిరి, చచ్చిన గొడ్డు తినుట మానిరి. మంచి మార్గమున పడినందుకే దెబ్బలు తినిరి. ఆశ్చర్యమేమనగా వెనుకకు పోయినవారు కొద్దిమందియే. 1876 నాటికి సంఘము మూడు వేలకు పైబడెను.

అప్పుడు కరవు వచ్చినది.

1876లో వానలు పోయినవి. 1877లోను అదనుకు రాలేదు. మద్రాసు రాజధాని యంతయు, మైసూరు, బొంబాయి సీమలును, మన నిజాము రాజ్యములో కొన్ని భాగములును ఎండిపోయినవి. దక్షిణదేశమున చనిపోయినవారు అర కోటికి పైబడిరని చరిత్రకారులు లెక్కకట్టుదురు. ఆకలి కొందరిని చంపగా దాని వెంట వచ్చిన కలరా, మశూచి, జ్వరములు మరికొందరిని చంపెను. ఆ సంవత్సరములలోనే భారతదేశపు రేవులనుండి ధాన్యము ఓడలలో పైదేశములకు పోవుచుండెను. కరవు పనిచేయు కూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును స్వల్పముగా కొంత రొక్కమును చాలునని సర్కారు నిర్ణయించిన దినములు కూడ అందులో కలవు. ఇట్టి సంగతులు తెలిసికొనకుండ కరవును దేవుని మీదనే వేయుట న్యాయము కాదని మేము తలంతుము. మేఘమును ఆపుట మనుష్యుని చేతిలో లేదు. గాదె తాళపుచెవి మాత్రము మనుష్యుని చేతిలోనే యుండెను.

పల్లెలలో మొదట చచ్చినవారు భూమిలేని మాదిగలు, మాలలు. క్రైస్తవుడని కరవు ఎవ్వరిని విడిచిపెట్టలేదు. ప్రార్థించినవాని బిడ్డయు చచ్చెను, ప్రార్థింపనివాని బిడ్డయు చచ్చెను. ఊరివారు దీనికి కారణము చెప్పుటకు ఆలస్యము చేయలేదు: మాదిగలు గ్రామదేవతలను విడిచినందున అమ్మవారు కోపించినదనిరి. యోబు మిత్రులు ముగ్గురును తెలుగుదేశమున మరల పుట్టినట్లు మాకు తోచుచున్నది. బాధపడువానిలోనే పాపము వెదకు ఆ పాత యలవాటు మన క్రైస్తవ గృహములలోను నేటివరకు పోలేదు.

ఈ ప్రశ్నకు క్లౌ దొరగారు గొప్ప సమాధానమేదియు వ్రాసిపెట్టలేదు. ఆయన చేసిన పని వేరు. విజయవాడకును మద్రాసునకును నడుమ బకింగ్‌హాము కాలువను కలుపుటకై సర్కారువారు కరవు పనులు పెట్టియుండిరి. అక్కడి గుత్తేదారుల చేతను మేస్త్రీల చేతను మాదిగ కూలీలు పడుచున్న పాట్లు దొరగారి చెవిని పడినవి. ఆయన ఇంజనీర్లయొద్దకు పోయి, మూడున్నర మైళ్ల కాలువ త్రవ్వకమును తానే గుత్తకు తీసికొనెను. మిన్నెసోటాలో గొలుసు లాగిన విద్య ఇప్పుడు అక్కరకు వచ్చెను. ఒంగోలుకు పది మైళ్ల దూరమున రాజుపాళెము దగ్గర పాక వేసికొని, బావులు త్రవ్వించి, గుడిసెలు వేయించి, తన బోధకులను మేస్త్రీలుగా నియమించి పని నడిపెను. ఒక్కొక్క వేళ మూడు వేలమంది అక్కడ మన్ను మోయుచుండిరి. క్రైస్తవులకే యని కట్టడి లేదు. పని కోరి వచ్చిన ప్రతివానికి పని దొరికెను. కొలత సరిగా వేసి కూలి సరిగా ఇచ్చుట అనునది ఆ జనులు మునుపెన్నడును చూడని వింత.

పాలమూరు బిడ్డలకు ఈ దృశ్యమును మేము వర్ణింపనక్కరలేదు. పలుగు, పార, తట్టలతో దేశదేశములు తిరిగి కాలువలు, ఆనకట్టలు కట్టినవారి మనుమలు ఈ పాఠశాలలో ఎందరో చదువుచున్నారు. ఎండలో మన్ను తట్ట దించి నీడను చేరినవానికి ఎట్టి మాటలు చెవికెక్కునో వారికి తెలియును. మధ్యాహ్నపు విరామమున బోధకులు ఆ కూలీల నడుమ కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని తనయొద్దకు పిలిచిన క్రీస్తును గూర్చి చెప్పిరి. వేర్వేరు తాలూకాలనుండి వచ్చినవారు విని, పని తీరిన పిమ్మట ఆ కథను తమ తమ పల్లెలకు కొనిపోయిరి.

బాప్తిస్మము ఇమ్మని వందలకొలది అడుగుచుండిరి. దొరగారు ఒప్పుకొనలేదు. కరవు సాగినంత కాలము, సుమారు పదునైదు నెలలు, ఒక్కరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. కూడు కొరకు క్రైస్తవులైరని లోకము చెప్పుకొనునని ఆయన భయము. ఆకలితో చచ్చుచున్నవాడు నమ్మితిననగా, కరవు తీరినప్పుడు రమ్మని పంపివేయుట సులభమైన పని కాదు. అట్లు పంపబడినవారిలో కొందరు తిరిగి రాలేదు, చనిపోయిరి. ఈ విషయమున ఆయన చేసినది సరియో కాదో మేము నిశ్చయముగా చెప్పజాలము. ఆయన మనస్సునకును ఇది భారముగానే యుండెను.

1878 జూను నెలలో కరవు వెనుకబట్టెను. ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డున నున్న వెల్లంపల్లికి దొరగారు బోధకులను పిలిపించెను. సహాయద్రవ్యము అయిపోయినదని, ఇక కూడునకు తన దగ్గరకు రావద్దని చెప్పి పంపుట ఆయన యుద్దేశము. వారి వెంట వేలమంది జనులు వచ్చిరి. డబ్బు లేదని చెప్పగా, తాము డబ్బునకు రాలేదని వారు చెప్పిరి. చేతులకు కాసిన బొబ్బలు చూపిరి. పని చేసి బ్రదికితిమనియు, ఇకముందును పనిచేసియే బ్రదుకుదుమనియు, ఈ యేడును పంట పోయిన యెడల చత్తుమనియు, చచ్చుటయే యైన క్రైస్తవులుగా చావగోరుచున్నామనియు చెప్పిరి. తమవారిని ఎందరినో పాతిపెట్టి వచ్చినవారు వారు. దేవుడు తమకేమి మేలు చేసెనని అడుగుటకు వారికంటె ఎక్కువ హక్కు ఎవ్వరికి కలదు? వారు అది అడుగక ఆయనవారమగుదుమని వచ్చిరి. మా బాలుని ప్రశ్నకు మేము చెప్పలేని సమాధానము ఆ యేటి యొడ్డున ఉన్నట్లు మాకు కనబడును గాని దానిని మాటలలో పెట్టుట మాకు చేత కాకున్నది.

దొరగారు ఇక కాదనలేకపోయెను. ఒక్కొక్కరిని విచారించి, వారి గ్రామపు బోధకుడు సాక్ష్యమిచ్చిన పిమ్మట పేర్లు వ్రాసికొనిరి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తము మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. రెండవ దినపు లెక్క విని ఇది జరుగునా యని సందేహించినవారు అమెరికాలో ననేకులు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో దిగి, అలసినప్పుడు మారుచు, ఉదయము ఆరు గంటలకు మొదలుపెట్టి, మధ్యాహ్నము విశ్రమించి, సాయంకాలము వరకు ఒక్కొక్కరికి వేర్వేరుగానే బాప్తిస్మమిచ్చిరి. సంవత్సరాంతమునకు ఆ లెక్క 9,606 ఆయెను.

పిమ్మట దొరగారికి ఘనత వచ్చినదని తలంచువారు తొందరపడుచున్నారు. ముందు వచ్చినది నింద. తోటి మిషనరీలలో కొందరును స్వదేశములోని పెద్దలలో కొందరును, కూటికి మతము కొన్నాడని, విచారణ లేక జనులను నీటిలో ముంచినాడని ఆక్షేపించిరి. పదునైదు నెలలు ఏ నిందకు భయపడి ఆయన తలుపు మూసియుంచెనో ఆ నిందయే తుదకు ఆయన మీద పడెను. ఆయన దానికి బదులుగా బడులు పెట్టెను. ఒక్కొక్క పల్లెకు ఉపాధ్యాయుని పంపెను. సంఘములు నిలిచెను. కూటికి వచ్చినవారైన పంటలు పండిన పిమ్మట పోవలెను గదా. వారు పోలేదు.

1893లో హారియెట్టమ్మగారు మరణించిరి. కొండయెక్కి ప్రార్థించిన జూయెట్ దొరగారు 1897లో పోయిరి. క్లౌ దొరగారు 1894లో ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడిరి. ఈమె విదుషి. మాదిగల యిండ్లలో కూర్చుండి వారి కథలు వారి నోటనే విని, పేరయ్య మొదలగువారి చరిత్రములను ఇంగ్లీషున గ్రంథముగా 1899లో ప్రకటించెను. అది లేనిచో పేరయ్య పేరు మనకు తెలిసియుండెడిది కాదేమో. దొరగారి చివరి సంవత్సరములు శరీరబాధతో గడచినవి. గుఱ్ఱము మీద రాత్రింబగళ్లు తిరిగినవాడు మంచమునకును కుర్చీకిని కట్టుబడెను. 1910లో భారతదేశమును విడిచి, ఆ సంవత్సరమే నవంబరు 24న రోచెస్టరు పట్టణమున కన్నుమూసెను. ఆయన పేరిట ఒంగోలులో ఆసుపత్రి కట్టబడెను. క్లౌపేట యను వాడయు వెలసెను.

మరియొక సంగతి చెప్పవలసియున్నది. పేరయ్య తిరిగిన ఆ పడమటి మెట్టసీమలోనే, అప్పటి నెల్లూరు జిల్లాలోని పల్లెలలో, 1937లో వైద్యులు ఎముకలు బిగిసి నడుములు వంగిన జనులను పరీక్షించి, అది శాపము గాదు, నీటిలోని ఫ్లోరైడు వలన కలుగు వ్యాధి యని కనుగొనిరి. మన నల్లగొండలో మఱ్ఱిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతముల వ్యాధియు అదియే. పటికయు సున్నమును కలిపి ఆ నీటిని శుద్ధిచేయు పద్ధతిని శాస్త్రజ్ఞులు 1970 తరువాతి సంవత్సరములలో ఏర్పరచినప్పుడు దానికి నల్లగొండ పద్ధతి యని మన జిల్లా పేరే పెట్టిరి. ఆ నాయనమ్మ ఏ పాపము చేసెనని వెదకినవారు ఆమె బావిని ముందుగా చూచియుండవలసినది. గ్రుడ్డివాడుగా పుట్టినవాని విషయమున శిష్యులు వేసిన ప్రశ్నను మన ప్రభువు ఏల త్రోసివేసెనో ఇప్పుడు మాకు కొంచెము తెలియుచున్నది.

ఈ వ్యాసపు చిత్తుప్రతిని ఆ బాలునికే మొదట చదువ నిచ్చితిమి. వాడు రెండు దినములు తనయొద్ద నుంచుకొని తిరిగి యిచ్చెను. ఇప్పుడు తమ యింటికి కృష్ణ నీళ్లు వచ్చుచున్నవనియు, నాయనమ్మ నడుము మాత్రము లేవదనియు, అయినను ఆమె ఆదివారము గుడికి అందరికంటె ముందు బయలుదేరుననియు చెప్పెను. త్వరగా నడువలేదు గనుక ముందు బయలుదేరునట. తరువాత, ఆ మూడున్నర మైళ్ల కాలువలో ఇప్పుడు నీరున్నదా యని అడిగెను. బకింగ్‌హాము కాలువ చాలచోట్ల పూడిపోయినదనియు, పడవలు నడచుట ఎప్పుడో నిలిచిపోయినదనియు చెప్పితిమి. దానిని చూడవలెనని వాడి కోరిక. వచ్చు వేసవి సెలవులలో పెద్ద తరగతుల విద్యార్థులను ఒంగోలుకును వెల్లంపల్లికిని తీసికొనిపోవుటకు ఆలోచించుచున్నాము.